హైవే వదలండి, ఏరు పట్టుకోండి

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

సంక్రాంతి వెళ్లాక నువ్వూ నీ స్నేహితురాళ్లిద్దరూ సైకిళ్ల మీద మన శ్రీకాకుళం జిల్లా తిరుగుతామని రాశారు. ఎంత సంతోషమైందో చెప్పలేను. నువ్వు పంపిన మ్యాపు కూడా చూశాను. రణస్థలం, ఎచ్చెర్ల, శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి... మొత్తం పదహారో నంబరు జాతీయ రహదారి మీదే గీత గీశావు. ఆ గీత చెరిపేయమ్మా. ఆ రోడ్డు లారీలది. రోజంతా తొక్కినా హారన్లూ ధాబాలూ తప్ప మన ఊరంటూ ఏదీ కనపడదు.

సైకిళ్ల కోసమే వేసిన దారి మన దగ్గర లేదు. బండ్లు పెద్దగా తిరగని దారులు మాత్రం బోలెడున్నాయి. అవి దొరికేది ఏటి పక్కన. రైలూ హైవే రాకముందు మన ప్రాంతానికి ఒక పెద్ద దారి వంశధార. శాలిహుండం బౌద్ధ స్తూపాలు, ముఖలింగం గుళ్లు, కళింగపట్నం రేవు, అన్నీ ఆ నది ఒడ్డునే వెలిశాయి. తర్వాత రాకపోకలన్నీ హైవే మీదికి పోయాయి. ఆ పాత చోట్లకి వెళ్లే రోడ్లు రైతులకీ బడి పిల్లలకీ మిగిలాయి. అందుకే చెప్తున్నాను, ఏరు పట్టుకుని వెళ్తే చరిత్రా ప్రశాంతతా రెండూ ఒకేచోట దొరుకుతాయి.

మొదటిరోజు సముద్రం వైపు వెళ్లండి. ముందురోజు రాత్రికే శ్రీకాకుళంలో మా ఇంటికి వచ్చేయండి. పొద్దున్న అరసవల్లి. ఊళ్లోంచి రెండు కిలోమీటర్లుంటుందేమో. ఆదివారం అసలు పెట్టుకోవద్దు, సూర్యనారాయణమూర్తికి ఆ రోజు జనం విరగబడతారు. రథసప్తమి దగ్గర పడిందేమో కూడా చూసుకో. అక్కణ్ణుంచి శ్రీకూర్మం. రెండు ధ్వజస్తంభాలున్న గుడి, స్వామి పడమర ముఖంగా ఉంటాడు. ప్రదక్షిణ మండపంలో గోడల మీది పాత బొమ్మలు చూడకుండా బయటికి రాకండి. చాలామంది తాబేళ్లని చూసి వెళ్లిపోతారు.

తర్వాత శాలిహుండం. శ్రీకాకుళం నుంచి నేరుగా వెళ్తే పద్దెనిమిది కిలోమీటర్లు. సైకిళ్లు కింద తాళం వేసి కొండెక్కాలి. పైన ఇటుక స్తూపాలూ చైత్యాలూ, కింద వంశధార, అటు చివర సముద్రం. ఆ కొండ మీద నిలబడితే భిక్షువులు ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. రేవుకి దగ్గర, ఊరి సందడికి దూరం. 1919లో ఈ శిథిలాలను గుర్తించింది మన గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆయన్ని వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగానే చదువుకున్నారు మీరంతా. శాసనాల కోసం, సవర గిరిజనుల భాష కోసం ఆయన ఎంత తిరిగారో ఈ దారుల్లో తొక్కుతున్నప్పుడు గుర్తుచేసుకోండి.

అక్కణ్ణుంచి కళింగపట్నం ఐదారు కిలోమీటర్లు. లైట్‌హౌసు, నది సముద్రంలో కలిసే చోటు చూసి వెనక్కి తిరగండి. ఈ రోజుకి నేను ఈ వరస చెప్పడానికి గాలి కారణం. పొద్దున్న గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం మీంచి లోపలికి మళ్లుతుంది. అలిసిపోయి ఇంటికి వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. అటూ ఇటూ మారిస్తే రెండు పూటలా ఎదురుగాలే. తీరం పక్కన సరుగుడు తోటల్లో మ్యాపు చిన్న బాటలు చూపిస్తుంది, వాటిల్లోకి దిగొద్దు. అంతా ఇసుక, సైకిలు భుజాన మోసుకోవాల్సి వస్తుంది. ఈ రోజంతటిలో హైవే ఒక్కసారి కూడా తగలదు.

రెండోరోజు శ్రీముఖలింగం. శ్రీకాకుళం నుంచి నలభై ఆరు కిలోమీటర్ల పైమాటే. నరసన్నపేట దాకా ఉన్న హైవే ముక్క మాత్రం తొక్కకండి. సైకిళ్లు ట్రాలీ ఆటోలో వేయించి పంపిస్తాను, మీరు బస్సులో వచ్చి అందుకోండి. ప్రతి కిలోమీటరూ తొక్కి తీరాలన్న పంతం వద్దు. రైల్లో సైకిలు బుక్ చేసే వీలు చిన్న స్టేషన్లలో ఉండదు, ఆ టెన్షన్ కూడా ఎందుకు.

నరసన్నపేట నుంచి జలుమూరు మండలంలోకి దిగాక చూడు, అసలు ప్రయాణం అక్కడ మొదలవుతుంది. వరి కోసేసిన మళ్లల్లో మినుము, పెసర పచ్చగా పరుచుకుని ఉంటాయి. గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార ఎడమ కాలువ నీళ్లు ఈ మండలాలకీ వస్తాయి. కాలువ గట్టు జనవరిలో ఎండి గట్టిపడి ఉంటుంది, దాని మీద తొక్కొచ్చు. కానీ పక్కన రెయిలింగ్ ఉండదు, పక్కపక్కనే తొక్కుతూ కబుర్లాడొద్దు. తుమ్మముళ్లు కూడా అక్కడే ఎక్కువ. ఏటి ఒడ్డున ఇసుక తవ్వే ర్యాంపు కనపడితే ఆ రోడ్డు వదిలేసి వేరే ఊరి మీదుగా వెళ్లండి. ట్రాక్టర్లకీ లారీలకీ మీరు కనపడరు.

దారి అడగడం కూడా ఒక పని. ‘ముఖలింగానికి ఎలా వెళ్లాలి’ అని అడిగితే అందరూ ప్రేమగా పెద్ద రోడ్డే చూపిస్తారు. ‘ఊళ్ల మీదుగా వెళ్లే దారి ఏది బాబూ’ అని అడుగు. ఏ ఊరి పేరైనా మండలం పేరుతో కలిపి చెప్పు. వలసలూ పేటలూ మన దగ్గర ఒకే పేరుతో నాలుగేసి ఉంటాయి.

ముఖలింగానికి కనీసం సగం రోజు ఇవ్వండి. కళింగ గాంగులు కటకానికి (ఇప్పటి కటక్) తరలిపోక ముందు వాళ్ల రాజధాని కళింగనగరం ఇదే. ఇప్పుడది చిన్న పల్లె. ఊరి మొగలో సోమేశ్వరుడి గుడి, లోపల మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు. మధుకేశ్వరుడు ఇప్పచెట్టు మొదలులో వెలిశాడని నమ్మకం. సోమేశ్వరాలయం బయటి గోడల శిల్పాలు పొద్దుటి ఎండలో బాగా కనపడతాయి, కాబట్టి వీలైనంత పొద్దున్నే చేరండి. గబగబా ఫోటోలు తీసి బయల్దేరితే నేను బాధపడతాను. గిడుగు వారు 1863లో పుట్టిన పర్వతాలపేట కూడా ఈ చుట్టుపక్కలే.

మూడోరోజు ఓపికుంటే టెక్కలి వైపు తేలినీలాపురం. గూడకొంగలూ (పెలికాన్లు) ఎర్రకాళ్ల కొంగలూ చింతచెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే కాలమది. అక్కణ్ణుంచి నౌపడ ఉప్పుమళ్ల దాకా నేల చాపలా చదును. టెక్కలి దగ్గర మాత్రం గ్రానైట్ బండలు మోసే లారీలుంటాయి, అక్కడ రోడ్డు దిగి నిలబడినా తప్పులేదు. ఖద్దరు నేసే పొందూరు, పాత కోట ఉన్న దంతవరపుకోట ఈసారికి వద్దు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి శుభ్రం చేసే ఆడవాళ్ల దగ్గర తీరిగ్గా కూర్చోవాలి, సైకిలు తొందరలో కుదరదు.

సామాను సంగతి. సన్నటి రేసు టైర్లు వద్దు, ముప్పై అయిదు ఎమ్మెమ్ వెడల్పయినా ఉండాలి. మీ సైకిళ్లకి సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టా వాల్వులుంటే చిన్న ఇత్తడి అడాప్టరు కొనుక్కోండి, లేకపోతే పల్లెటూరి సైకిలు షాపు పంపుతో గాలి ఎక్కదు. తలా రెండు ట్యూబులు, పంచరు సొల్యూషను ఉంచుకోండి. తెల్లవారుజామున పొలాల మీద మంచు దట్టంగా ఉంటుంది. ఏడు దాటాక బయల్దేరి, అయిదు కొట్టేసరికి చేరాల్సిన చోట ఉండండి. టిఫిన్లు తొమ్మిదికల్లా అయిపోతాయి. మండల కేంద్రం దాటితే భోజనం దొరకదు, అటుకులూ బెల్లం, అరటిపళ్లు సంచిలో పెట్టుకోండి. ఎవరైనా చోడి (రాగి) అంబలి ఇస్తే కాదనకండి. ఎండలో దానంత బలం ఏ ప్యాకెట్టు డ్రింకూ ఇవ్వదు. కుక్కలు వెంటపడితే తొక్కి పారిపోవద్దు. దిగి, సైకిలు అడ్డం పెట్టుకుని మెల్లగా నడవండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఆ నెలలో రోడ్ల మీద ధాన్యం, చోళ్లు ఆరబోస్తారు. మ్యాపులో అది రోడ్డే, వాళ్లకి ఏడాది కష్టం. దాని మీదుగా చక్రం పోనివ్వకండి. దిగి పక్కనుంచి నడిపించుకు వెళ్లండి. అక్కడ కూర్చున్న మనిషిని పలకరించండి, నీళ్లు అడగండి. మీ ముగ్గురూ ఎవరు, ఎటు వెళ్తున్నారు అన్న సంగతి మీకంటే ముందు పై ఊరికి చేరుతుంది. ఆడపిల్లలకి ఆ దారుల్లో అంతకంటే మంచి తోడు లేదు.

రెండోరోజు రాత్రికి నరసన్నపేటలో లాడ్జి కంటే మా పాత స్నేహితుడి ఇల్లు మేలు, వాళ్లతో మాట్లాడతాను. మీరొచ్చే తేదీ వారం ముందు చెప్తే ట్రాలీ ఆటో అబ్బాయికి కూడా కబురు పెడతాను. సీటు ఎత్తు మాత్రం అక్కడే సరిచేయించుకుని రండి, మోకాళ్లు పాడుచేసుకోకండి.

ఇట్లు
మీ పెదనాన్న