ఫుకెట్ నుంచి శ్రీలంకలోని గాలె వెళ్లే దారిలో స్టీరింగ్ పాడైతే గ్రేట్ నికోబార్‌లో ఆగొచ్చా? (విదేశీ జెండా ఉన్న యాట్, అంటే తెరచాప పడవ, నాది భారత పాస్‌పోర్టు, మిగతా ఇద్దరికీ ఇండియా వీసా లేదు. ప్రయాణం జనవరిలో)

ఆగొచ్చు. ఆగే హక్కు ఉన్నా కాగితాల పని మాత్రం తప్పదు. ఈ రెండిటినీ కలిపేసుకునే చాలామంది ఇరుక్కుంటారు.

మీకు అక్కరకొచ్చేది కస్టమ్స్ చట్టం 1962, సెక్షన్ 29. విదేశం నుంచి వచ్చే ఓడ మామూలుగా కస్టమ్స్ పోర్టులోనే ఆగాలి. ప్రమాదం వల్లో, వాతావరణం వల్లో, తప్పించుకోలేని మరో కారణం వల్లో వేరేచోట ఆగాల్సొస్తే అది తప్పు కాదు. అయితే స్కిప్పర్ (పడవ నడిపే కెప్టెన్) వెంటనే దగ్గర్లోని కస్టమ్స్ అధికారికో పోలీస్ స్టేషన్ అధికారికో చెప్పాలి, అడిగితే లాగ్ బుక్ చూపాలి. వాళ్లు సరేననే దాకా సామాను దించకూడదు, మనుషులు పడవ దగ్గర్నుంచి కదలకూడదు. ఆరోగ్యం చెడినా, ప్రాణాల మీదికొచ్చినా దిగడానికి అందులోనే మినహాయింపు ఉంది.

పేచీ అంతా ‘తప్పించుకోలేని’ అన్న మాట దగ్గరే. డీజిల్ అయిపోవచ్చింది, నిద్ర చాలట్లేదు అంటే, తెరచాప ఉందిగా అంటారు. అందుకే లాగ్ అప్పటికప్పుడు రాయండి: ‘0340 యూటీసీ, 6°35′ ఉ, 94°50′ తూ, ఈశాన్య గాలి 22 నాట్లు, ఎడమవైపు కేబుల్ క్వాడ్రంట్ దగ్గర తెగింది, ఎమర్జెన్సీ టిల్లర్ బిగించాం.’ (క్వాడ్రంట్ అంటే చుక్కానికి బిగించి కేబుల్‌తో తిప్పే భాగం, టిల్లర్ అంటే చుక్కానిని చేత్తో తిప్పే కర్ర.) తెగిన ముక్క పారేయకండి, అదే మీ సాక్ష్యం. అసలు బయల్దేరే ముందే కేబుల్ పొడవునా టిష్యూ పేపర్‌తో తుడిచి చూడండి. పోగు ఎక్కడ తెగితే అక్కడ కాగితం పట్టుకుంటుంది. ఒక స్పేర్ కేబుల్, కేబుల్ కొసలు బిగించే నాలుగు బుల్‌డాగ్ క్లాంపులు దగ్గరుంటే ఈ తిప్పలన్నీ చాలావరకు తప్పుతాయి.

పన్నెండు మైళ్ల గీత (భారత జలాల హద్దు) దాటకముందే పిలవండి. వీహెచ్‌ఎఫ్ రేడియో ఛానెల్ 16లో పాన్-పాన్ (ప్రాణాపాయం లేని అత్యవసర పిలుపు) చాలు. మేడే పిలుపు, ఈపర్బ్ (ఆపద సంకేతం పంపే పరికరం) ప్రాణాపాయం ఉన్నప్పుడే. పడవ పేరు, జెండా, పొజిషన్, ఏం పాడైంది, ఎంతమంది, ఏ దేశస్థులు, ఎక్కడ లంగరు వేస్తారు అన్నీ చెప్పండి. వీహెచ్‌ఎఫ్ అందకపోతే శాటిలైట్ ఫోన్‌లో పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) ఎమ్మార్సీసీకి, అంటే సముద్ర రక్షణ సమన్వయ కేంద్రానికి చెప్పి, ఆ టైమూ జవాబూ లాగ్‌లో ఎక్కించండి. భారత జలాల్లోకి వచ్చాక ఆ ఫోన్ ముట్టుకోవద్దు. భారత్‌లో లైసెన్స్ లేని శాటిలైట్ ఫోన్ నేరం. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసేజ్ పరికరాలు కూడా ముందే చూపించి, సీల్ వేస్తామంటే వేయనివ్వండి. దాచి దొరికితే స్టీరింగ్ కథ ఎవరూ వినరు.

గ్రేట్ నికోబార్‌లో లంగరు వేసే చోటు క్యాంప్‌బెల్ బే, దీవి తూర్పు తీరంలో ఉంది. జనవరి ఈశాన్య గాలి పడవను తిన్నగా ఒడ్డు మీదికి తోస్తుంది కాబట్టి రాత్రి దగ్గరికి పోవద్దు, తెల్లారేదాకా బయటే ఆగండి. నేవీ ఎయిర్ స్టేషన్ ఐఎన్‌ఎస్ బాజ్ కూడా అక్కడే. చెప్పాపెట్టకుండా వస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఖాళీగా ఉంది కదా అని ఏదో బీచ్‌లో దిగొద్దు. దీవిలో గిరిజన రిజర్వు ఉంది, పాస్ లేకుండా అడుగుపెట్టడం 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం నేరం.

లంగరు వేశాక పసుపు క్యూ జెండా (క్లియరెన్స్ కావాలనే సంకేతం) ఎగరేసి, డింగీ (ఒడ్డుకెళ్లే చిన్న పడవ) దించకుండా కూర్చోండి. రిజిస్ట్రేషన్, పాస్‌పోర్టులు, ఫుకెట్ క్లియరెన్స్ (అక్కణ్నుంచి బయల్దేరే అనుమతి పత్రం), రేడియో లైసెన్స్, మందులతో సహా స్టోర్స్ లిస్టు, పది కాపీల క్రూ లిస్టు ఒకే ఫైల్లో పెట్టుకోండి. క్లియరెన్స్‌లో గాలె అని ఉంటుంది, దిద్దొద్దు. దారి ఎందుకు మారిందో ఒక పేజీ రాసి జతచేయండి. మీకు వీసా అక్కర్లేదు గానీ మీరూ విదేశం నుంచి వచ్చినవారే, ఇమిగ్రేషన్ కాకుండా జెట్టీ ఎక్కొద్దు. మిగతా ఇద్దరినీ అధికారులు పడవలోనే ఉండమనొచ్చు. వెళ్లేటప్పుడు సెక్షన్ 42 ప్రకారం రాతపూర్వక అనుమతి తీసుకోండి.

స్టీరింగ్ ఎవరికైనా పోతుంది. విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్న తెరచాప పడవ తారిణి కూడా 2018లో ఇదే కారణంతో, ప్లాన్‌లో లేని మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌కు వెళ్లాల్సొచ్చింది. అది నేవీ పడవ, వాళ్ల కాగితాల సంగతి వేరు.

నికోబార్ దాటాక పాడైతే మాత్రం వెనక్కి తిరగొద్దు. తిరిగొచ్చాక అధికారులు పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్లమంటే, అది క్యాంప్‌బెల్ బే నుంచి సుమారు 280 మైళ్లు ఉత్తరానికి, గాలికి ఎదురు. గాలె వైపైతే గాలి వెనకే ఉంటుంది. తెరచాప తగ్గించి, ఎమర్జెన్సీ టిల్లర్‌తో రెండేసి గంటల కాపలా వంతులు వేసుకుని అటే పోనివ్వండి.