కత్తెర ఎవరి చేతిలో ఉండేది?

గత సంచికలో రష్యన్ రచయిత యెవ్‌గేనీ జమ్యాతిన్ డిస్టోపియా నవల, అంటే పీడకలలాంటి భవిష్య సమాజాన్ని ఊహించే నవల, 'మేము' పరిచయం వచ్చాక ఉత్తరాలు బాగానే అందాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, అయిదు ప్రశ్నలకు ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: 'మేము' నవలను సోవియట్ ప్రభుత్వం ఏ సంవత్సరంలో నిషేధించింది? వెతికితే ఒక్కోచోట ఒక్కో సంవత్సరం కనబడుతోంది. – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ గందరగోళానికి కారణం ఉంది. అచ్చయిన పుస్తకాన్ని నిషేధిస్తే దానికో తేదీ ఉంటుంది. 'మేము' అచ్చుదాకా రానేలేదు. 1920, 21 సంవత్సరాల్లో రాసిన నవల ఇది. అనుమతి రాకపోవడంతో రాతప్రతిగానే స్నేహితుల మధ్య, సాహిత్య సభల్లో వినిపించేవారు. మొదటిసారి పుస్తకంగా వచ్చింది ఇంగ్లీషులో, 1924లో, న్యూయార్కు నుంచి. 1927లో ప్రాగ్ నగరంలోని ఒక ప్రవాసుల పత్రిక కొన్ని భాగాలను రష్యన్‌లో వేసింది. రచయిత మీదికి రాకుండా, చెక్ అనువాదం నుంచి తిరిగి రష్యన్‌లోకి తెచ్చామని రాసుకుంది. అయినా ఆగలేదు. 1929లో జమ్యాతిన్ మీద పత్రికల్లో దాడి మొదలైంది, ఆయన రచయితల సంఘం నుంచి తప్పుకున్నారు. అచ్చు తలుపులన్నీ మూసుకున్నాక 1931 జూన్‌లో దేశం విడిచి వెళ్లనివ్వమని నేరుగా స్టాలిన్‌కే లేఖ రాశారు. గోర్కీ సిఫారసుతో ఆ అనుమతి దొరికింది. 1937లో పారిస్‌లో కన్నుమూశారు. పూర్తి రష్యన్ పాఠం 1952లో న్యూయార్కులో, సొంత దేశంలో 1988లో వెలువడ్డాయి.

ఇంకో సంగతి. ఆయన కథను అంతకుముందు 1914లో జారు ప్రభుత్వపు సెన్సారు కూడా పట్టుకుంది, ఆ పత్రిక సంచికనే జప్తు చేసింది. 1905లో జారు పోలీసులు, 1922లో బోల్షివిక్ పోలీసులు ఆయన్ని ఒకే జైల్లో, ఒకే వరండాలోని గదుల్లో పెట్టారు. ఆ నవలను 'కమ్యూనిస్టు వ్యతిరేక' పుస్తకమని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లు ఈ సగాన్ని వదిలేస్తారు.

ప్రశ్న: సోవియట్ సెన్సారు నిజంగా ఎలా పనిచేసేది? ఒక అధికారి కూర్చుని ప్రతి పుస్తకమూ చదివేవాడా? – ఒక పాఠకురాలు, వరంగల్లు

జవాబు: చదివేవాడు, ఒకసారి కాదు. ఆ శాఖ పేరు గ్లావ్లిత్. 1922 జూన్ 6న పుట్టింది. పార్టీ ప్రచురణలు, 'ఇజ్వేస్తియా' దినపత్రిక, అకాడమీ శాస్త్ర గ్రంథాల్లాంటివాటికి మొదట్లో దాన్నుంచి మినహాయింపు ఉండేది. మిగిలిన పుస్తకం దారి స్థూలంగా ఇలా ఉంటుంది.

రాతప్రతి ముందు ప్రచురణ సంస్థ సంపాదకుడి దగ్గరికి వెళ్తుంది. అసలు కత్తెర ఇక్కడే. తన ఉద్యోగం మీదికి వస్తుందని సంపాదకుడు ముందే సగం కొట్టేస్తాడు. అందుకే గ్లావ్లిత్ దస్త్రాల్లో ఎన్ని పేజీలు కోశారని లెక్కగడితే ఆ లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుంది. తరువాత సెన్సారు చదివి, టైపు కూర్చడానికి అనుమతిస్తాడు. కూర్చాక ప్రూఫులు మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లి 'అచ్చుకు' ముద్ర వేయించుకుంటాయి. అచ్చయిన తొలి ప్రతులు ఇంకోసారి వెళ్తాయి. 'విడుదలకు' ముద్ర పడితేనే మిగతా ప్రతులు గోదాము దాటుతాయి. ఈ ఆఖరి మెట్టు దగ్గర ఆగితే కాగితం, టైపు, కూలి అన్నీ దండగే. ఆ నష్టానికి జడిసి ప్రచురణకర్త తనంతట తానే జాగ్రత్తపడతాడు, ఏర్పాటులోని కిటుకు అదే.

రచయిత సెన్సారును కలవకూడదు. మాటలన్నీ సంపాదకుడి ద్వారానే. ఏది రాయకూడదో చెప్పే 'పెరెచెన్' అనే జాబితా పుస్తకం సెన్సారు దగ్గర ఉండేది, రచయితకు చూపించరు. సైనిక దళాల ఉనికి, విమాన ప్రమాదాలు, అంటురోగాల అంకెలు, నిర్బంధ శిబిరాలు, అన్నీ అందులోవే. సెన్సారు ఉందని రాయడం కూడా నిషిద్ధమే. ఇది కల్పనలా అనిపిస్తుందేమో గానీ, డిస్టోపియా నవలల్లో మంత్రిత్వ శాఖలకు ఉండే ఆ వింత తర్కం ఇలాంటి కాగితాల నుంచే వచ్చింది.

మన దగ్గర విశాలాంధ్ర దుకాణాల్లో కొన్న పాత మాస్కో పుస్తకాలు చాలా ఇళ్లల్లో ఉంటాయి. తెలుగు అనువాదమైనా సరే, చివరి పేజీ అడుగున రష్యన్‌లో చిన్న అక్షరాల గడి ఒకటి చూడండి. టైపుకు ఇచ్చిన తేదీ, అచ్చుకు సంతకమైన తేదీ, ప్రతుల సంఖ్య ఉంటాయి. సోవియట్ దేశంలోనే అమ్మడానికి వేసిన పాత పుస్తకాలైతే ఒక రష్యన్ అక్షరం, దాని పక్కన అయిదు అంకెలు కూడా కనబడవచ్చు. అది సెన్సారు సంఖ్య. రెండు తేదీల మధ్య నెలల తరబడి ఎడం ఉంటే సెన్సారే ఆపిందని అనుకోకండి, కాగితం కొరత వల్లా అలా జరిగేది.

ఈ దారి తప్పించుకోవాలంటే 'సమిజ్దత్', అంటే సొంతంగా టైపు చేసి పంచుకోవడం. పల్చటి కాగితాలు, వాటి మధ్య కార్బన్లు. మామూలు టైపు మిషను మీద నాలుగు ప్రతులు చదవగలిగేలా వస్తాయి, అయిదోది మసకబారుతుంది. అందుకే గట్టిగా కొట్టాలి. కొడితే ఆ చప్పుడు పక్కింటికి వినిపిస్తుంది. 1961లో వసీలీ గ్రోస్‌మన్ ఇంటికి వచ్చిన కేజీబీ అధికారులు ఆయన నవల ప్రతులతోపాటు కార్బన్లు, టైపు మిషను రిబ్బన్లు కూడా పట్టుకుపోయారు. రిబ్బను మీద కొట్టిన అక్షరాల ముద్రలు మిగులుతాయి మరి.

రాసినందుకే శిక్ష పడ్డ డిస్టోపియా కథ కావాలంటే సోవియట్ రచయిత యూలీ దానియేల్‌ది చూడండి. 1960 ఆగస్టు 10న పౌరులు ఒకరినొకరు చంపుకోవచ్చని మాస్కో రేడియో ప్రకటిస్తుంది, కథ అక్కడ మొదలవుతుంది. మారుపేరుతో విదేశంలో అచ్చయింది. 1966 ఫిబ్రవరిలో ఆయనకు అయిదేళ్లు, ఆయనతోపాటు విచారణకు వచ్చిన సిన్యావ్‌స్కీకి ఏడేళ్లు కఠిన శ్రమ శిబిరం విధించారు. పాత్రలు అన్న మాటలనే రచయిత నేరానికి సాక్ష్యంగా కోర్టులో చదివారు.

ప్రశ్న: '1984' రాసిన ఆర్వెల్ భవిష్యత్తును ముందే చూశాడంటారు. అంత కచ్చితంగా ఎలా ఊహించగలిగాడు? – డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: ఊహించింది తక్కువ, చూసి రాసింది ఎక్కువ. 1941 ఆగస్టు నుంచి 1943 నవంబరు వరకు ఆయన బీబీసీ తూర్పు విభాగంలో భారతదేశానికి ప్రసారాలు తయారుచేశారు. ప్రతి స్క్రిప్టు మీదా రెండు ముద్రలు పడాలి, ఒకటి యుద్ధ భద్రతకు, ఒకటి ప్రభుత్వ విధానానికి. స్టూడియోలో ఒక మనిషి మీట దగ్గర కూర్చునేవాడు. చదివేవాళ్లు స్క్రిప్టు దాటితే ప్రసారం కట్. ఆయన భార్య ఐలీన్ సమాచార మంత్రిత్వ శాఖ సెన్సారు విభాగంలో పనిచేశారు. లండన్ విశ్వవిద్యాలయం సెనేట్ హౌస్‌లో ఉండే ఆ శాఖ భవనమే నవలలోని సత్య మంత్రిత్వ శాఖకు నమూనా అని ఎక్కువమంది పరిశోధకుల మాట. 1946 జనవరి 4న 'ట్రిబ్యూన్' పత్రికలో ఆయన 'మేము' గురించి సమీక్ష రాశారు. ఇంగ్లీషు ప్రతి దొరక్క ఫ్రెంచి అనువాదంలో చదివారు.

'1984' కన్నా మీరు ముందు చూడవలసింది, స్టాలిన్ పాలనను ఎగతాళి చేస్తూ ఆర్వెల్ రాసిన 'యానిమల్ ఫామ్' అచ్చు కథ. 1944 ఫిబ్రవరి చివర రాతప్రతి సిద్ధం. ప్రచురణకర్త గొలాంజ్ వద్దన్నారు. మరో ప్రచురణకర్త జొనాథన్ కేప్ సరేనని, సమాచార శాఖ అధికారి ఒకరు హెచ్చరించాక వెనక్కి తగ్గారు. ఆ అధికారి సోవియట్ గూఢచారి అని తరువాత తేలింది. ఫేబర్ తరఫున టి.ఎస్. ఎలియట్ తిప్పి పంపారు. సెకర్ అండ్ వార్‌బర్గ్ 1945 ఆగస్టులో 4,500 ప్రతులు వేసింది. ఎక్కడా చట్టం వాడలేదు, ఎవరినీ జైల్లో పెట్టలేదు. స్టాలిన్ మిత్రదేశం నాయకుడు కాబట్టి మర్యాదగా ఆగారు, అంతే. ఈ సంగతే ఆర్వెల్ ఆ పుస్తకానికి ముందుమాటగా రాస్తే అదీ అచ్చుకాలేదు, 1972లో వెలుగుచూసింది. మీ ప్రతిలో 'పత్రికా స్వేచ్ఛ' అన్న ఆ వ్యాసం అనుబంధంగా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అది ఉన్న ముద్రణ సంపాదించండి. మా దృష్టిలో సెన్సారు మీద ఆయన రాసినవాటన్నిటిలో సూటైనది అదే.

ఫైళ్లు దిద్దడం, మనుషుల్ని చెరిపేయడం నవలలోని అతిశయం అనుకునేవారికి ఒక ముక్క. స్టాలిన్ రహస్య పోలీసుల అధిపతి బేరియా పతనం తరువాత, 1954లో, సోవియట్ మహా విజ్ఞాన సర్వస్వం చందాదారులకు కొత్త పేజీలు వచ్చాయి. 5వ సంపుటంలోని 21 నుంచి 24 వరకు పేజీలను, బొమ్మను కత్తెరతోనో బ్లేడుతోనో కోసి, వీటిని అతికించుకోమని సూచన. బేరియా ఉన్న చోట బేరింగ్ సముద్రం వ్యాసం పెరిగింది.

ప్రశ్న: ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్‌లో 'ఫారెన్‌హీట్ 451' పాత ప్రతి కొన్నాను. దాంట్లోనే మాటలు కోశారని ఎవరో అన్నారు. నిజమా? – ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: నిజమే కావచ్చు. పుస్తకాలు తగలబెట్టే సమాజం గురించి రే బ్రాడ్‌బరీ రాయగా 1953లో బాలన్‌టైన్ సంస్థ వేసిన నవల ఇది. 1967లో అదే సంస్థ బడి పిల్లల కోసం 75 చోట్ల మార్చిన ప్రతి తెచ్చింది, రచయితకు చెప్పకుండా. 1973 నుంచి 1979 వరకు పేపర్‌బ్యాక్‌లో దొరికింది అదొక్కటే. విద్యార్థులు రాస్తేగానీ బ్రాడ్‌బరీకి తెలియలేదు. ఆ తరువాత అసలు పాఠం తిరిగి వచ్చింది, ఆయన అనుబంధ వ్యాసంతో సహా.

పోల్చి చూడండి. తాగినవాడు ఉండవలసిన చోట జబ్బుమనిషి ఉన్నా, బొడ్డులో దూది తీసే చోట చెవులు శుభ్రం చేస్తున్నా మీది కోసిన ప్రతి. ముద్రణ సంవత్సరం 1973కీ 1979కీ మధ్యదైతే అనుమానించండి. ఉంచుకోండి, పారేయకండి. చదవడానికి మాత్రం తరువాతి ముద్రణ కొనుక్కోండి.

ప్రజాస్వామ్య దేశాల్లో ఇలాంటి నవలల మీద కత్తి పడింది ఎక్కువగా రాజకీయం పేరుతో కాదు, అశ్లీలత పేరుతో. హక్స్‌లీ 'బ్రేవ్ న్యూ వరల్డ్'ను ఐర్లండు, ఆస్ట్రేలియా 1932లో ఆపింది అలాగే.

ప్రశ్న: తెలుగులోనూ నిషేధాలు ఉన్నాయి కదా, వాటి సంగతేమిటి? ఆర్వెల్, జమ్యాతిన్ నవలలు తెలుగులోకి అనువదిస్తే ఎవరి అనుమతి కావాలి? – ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: మొదటిదానికి చిన్న జవాబు. రాయవేలూరు జైల్లో ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన 'మాలపల్లి' 1922లో వచ్చింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అది డిస్టోపియా కాదు, ఆనాటి ఊరు. వలస ప్రభుత్వానికి ఊహాలోకం కన్నా ఆ ఊరంటేనే భయం. రాష్ట్ర ప్రభుత్వం పుస్తకాన్ని జప్తు చేసే అధికారం 1922లో నేర విచారణ చట్టంలో చేరింది, ఇవాళ భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 98వ సెక్షన్‌గా కొనసాగుతోంది. నోటిఫికేషన్‌లో కారణాలు రాయాలి. కారణాలు చెప్పని ఉత్తర్వును సుప్రీంకోర్టు 1961లోనే కొట్టేసింది. బాధితులు రెండు నెలల్లోగా హైకోర్టుకు వెళ్లవచ్చు, ముగ్గురు న్యాయమూర్తులు వింటారు.

ఇక కాపీరైటు హక్కులు. భారతదేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. ఆర్వెల్ పోయింది 1950 జనవరిలో, కాబట్టి 2011 నుంచి ఇక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు. జమ్యాతిన్ రష్యన్ మూలం కూడా అంతే. చిక్కు ఇంగ్లీషు అనువాదం మీద ఆధారపడితే వస్తుంది, దాని హక్కు అనువాదకుడిది. 1924 నాటి అనువాదకుడు గ్రెగరీ జిల్‌బోర్గ్ 1959లో చనిపోయారు, అందువల్ల భారతదేశంలో ఆ అనువాదం 2020 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. 1972 నాటి మిర్రా గిన్స్‌బర్గ్‌ది, 1993 నాటి క్లారెన్స్ బ్రౌన్‌ది అలా కాదు. బ్రాడ్‌బరీ 2012లో పోయారు, 2072 చివరిదాకా అనుమతి తప్పదు.

మీరు అమెరికాలో ఉన్నారు కాబట్టి జాగ్రత్త. అక్కడ '1984' హక్కు 2044 చివరివరకు, 'యానిమల్ ఫామ్' హక్కు 2040 చివరివరకు నడుస్తాయి. హైదరాబాదులో అచ్చు వేసి ఇక్కడ అమ్మే పుస్తకానికి ఇబ్బంది లేదు. దాన్నే డల్లాస్‌లో అమ్మినా, అక్కడి సర్వరులో పెట్టినా అనుమతి తీసుకోవాలి. మొదట చేతికి తీసుకోవడానికి 'మేము' నయం. 1924 అనువాదాన్ని ఎదురుగా పెట్టుకుని, రష్యన్ తెలిసినవారితో వాక్యం వాక్యం సరిచూయించండి.