ట్యూషన్ గంటలు పెంచితే మార్కులు పెరుగుతాయా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. సోషల్ పాఠం చదివి వినిపిస్తే ఏది అడిగినా టకటకా చెప్పేస్తాడు. రాయమంటే మాత్రం నాలుగు లైన్లకే ఆగిపోతాడు, ఒత్తులు మింగేస్తాడు. రోజూ రెండు గంటలు ట్యూషన్‌కి పంపుతున్నా ఫలితం లేదు. ఇంకో గంట పెంచమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పెంచకండమ్మా. ముందు ఆ రెండు గంటలూ బాబు ఏం చేస్తున్నాడో ఒకరోజు కూర్చుని చూడండి. చాలాచోట్ల ట్యూషన్ అంటే బోర్డు మీది నోట్సు ఎక్కించుకోవడం, గైడులో గుర్తు పెట్టిన జవాబులు చూసి రాయడమే. మీవాడికి అన్నిటికన్నా కష్టమైన పని అదే. బుర్రంతా అక్షరాలు కూర్చుకోవడానికే సరిపోతుంటే పాఠం ఎక్కడ నిలుస్తుంది? బద్ధకమనో, పొగరనో దయచేసి అనకండి.

మొదట కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించండి. అవి బాగుంటే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. తెలివితేటల పరీక్షతో పాటు, చదవడం, రాయడం, లెక్కలు ఏ మేరకు వచ్చో విడివిడిగా చూస్తారు. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం) వంటిది ఉంటే అక్కడ తేలుతుంది.

ఆ రిపోర్టు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. బాబు సొంతంగా రాసిన మూడు పేజీలు తీసుకుని తప్పులను గుణింతం, ఒత్తు, పోలిక ఉన్న అక్షరాలు (ప–ష, బ–భ, ద–ధ), వదిలేసిన అక్షరాలు అని విడదీయమని మాస్టారిని అడగండి. ఎక్కువగా ఉన్న ఒక్క రకాన్నే ఒక వారం పట్టుకోవాలి. ఒత్తులే అయితే ట్యూషన్‌లో మొదటి 15 నిమిషాలు, రోజుకు ఐదు మాటలు, అవీ ఆ రోజు పాఠంలోవే. ‘విద్యార్థి’ని వి–ద్యా–ర్థి అని పైకి పలికిస్తూ ఒక్కో ముక్కకు బల్ల మీద వేలితో తట్టించాలి. చూసి ఒకసారి రాశాక, మాటను మూసేసి ఇంకోసారి రాయించాలి. మర్నాడు కొత్తవాటితో పాటు పాతవి రెండు అడగాలి. పదిసార్లు రాయించే పద్ధతి ఇక్కడ పనికిరాదు. పిల్లవాడు పుస్తకం వంక చూడడు, పై లైను చూసి కింది లైను దించుతాడు. మొదటిది తప్పైతే మిగతా తొమ్మిదీ అదే తప్పు. ఆ తప్పే చేతికి అలవాటైపోతుంది.

సబ్జెక్టుకు వేరే దారి ఉంది. పాఠంలో ఒక పేజీ ముందురోజు రాత్రి మీరే చదివి వినిపించండి, లేదా ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి. అందులోంచి ఆరు ముఖ్యమైన మాటలు ఒక చీటీ మీద ఉండాలి. వాటిని చూస్తూ జవాబు ముందు నోటితో చెప్పనివ్వండి, అదీ రికార్డు చేయండి. తర్వాత తన గొంతు తానే వింటూ, ఆపుకుంటూ రాసుకుంటాడు. మాస్టారు దిద్దేటప్పుడు విషయానికి వేరుగా, అక్షరదోషాలకు వేరుగా మార్కులు వేయాలి. పేజీనిండా ఎర్రగీతలు కనిపిస్తే వాడు రాయడమే మానేస్తాడు.

ప్రశ్న: నా దగ్గర పదిహేను మంది పదో తరగతి పిల్లలు లెక్కలకు వస్తారు. అందులో ఒకమ్మాయికి సూత్రం వచ్చు, ఎక్కాలు నిలవవు, మధ్యలో ఎక్కడో తప్పు పోతుంది. తనకోసం విడిగా ఏం చేయగలను?
– ట్యూషన్ మాస్టారు, తెనాలి

జవాబు: మాస్టారూ, తప్పు ఎక్కడ పోతోందో మొదట పట్టుకోండి. ఎక్స్ స్క్వేర్ − 5 ఎక్స్ + 6 = 0 అనే వర్గ సమీకరణం ఇచ్చి చూడండి. బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీలో బీ విలువ −5. ఇలాంటి పిల్లలు బ్రాకెట్ పెట్టకుండా −25 అని రాస్తారు. అప్పుడు 25 − 24 = 1 రావలసింది −49 అవుతుంది, వాస్తవ మూలాలు లేవని ముగించేస్తారు. మూలాలు 3, 2 ఉన్నాయి కదా! సూత్రం మళ్లీ చెప్పడం వల్ల లాభం లేదు. అంకెలు వేయకముందే ( )² − 4( )( ) అని ఖాళీ బ్రాకెట్లు రాయించి, తర్వాత వాటిలో నింపమనండి.

గళ్ల నోటుబుక్కులో గడికో అంకె, లైనుకో ‘ఈజ్ ఈక్వల్ టు’. ఎక్కాల కార్డు పక్కనే ఉండనివ్వండి. ఎక్కం గుర్తు చేసుకునేలోగా తర్వాతి మెట్టు మరచిపోయే పిల్లకు అది కాపీ కొట్టడం కిందికి రాదు. ఒకే రకం లెక్క ఒకటి పూర్తిగా చేసి ఇవ్వండి. రెండోదాంట్లో చివరి మెట్టు, మూడోదాంట్లో చివరి రెండు మెట్లు ఖాళీగా వదలండి. మిగతావాళ్లకు ఇరవై లెక్కలిస్తే తనకు ఆరు చాలు. బ్యాచ్‌కి పది నిమిషాలు ముందు రమ్మనండి. అందరి ముందు బోర్డు దగ్గరకు మాత్రం పిలవకండి.

ప్రశ్న: చదవడం, రాయడంలో ఇలాంటి ఇబ్బంది ఉన్న పిల్లలకు పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి ఇస్తారట. ఎప్పుడు అడగాలి?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే. అభ్యసన వైకల్యం 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకు ధ్రువపత్రం ఇస్తారు. మీ బోర్డులో ఏయే వెసులుబాట్లు ఉన్నాయో హెడ్మాస్టరును రాతపూర్వకంగా అడగండి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) బోర్డుకు వెళ్లేలోగా కాగితాలన్నీ బడికి చేరాలి.

అనుమతి వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు. పక్క మనిషికి చెప్పి రాయించడం వేరే విద్య. ‘బ్రాకెట్, మైనస్ 5, బ్రాకెట్ క్లోజ్, స్క్వేర్’ అని ఆగి ఆగి చెప్పడం, రాసినదాన్ని తిరిగి చదివించుకోవడం అలవాటు లేకపోతే ఎక్కువ ఇచ్చిన సమయం అక్కడే పోతుంది. దసరా సెలవుల నుంచి వారానికో పాత పేపరు ట్యూషన్‌లో అలాగే రాయించండి.

రెగ్యులర్ బడి మరీ బరువైతే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్ఐఓఎస్ ఉంది. ఐదు సబ్జెక్టులు ఎంచుకోవచ్చు, లెక్కలు తప్పనిసరి కాదు. అయితే పాలిటెక్నిక్, ఎంపీసీ ఆలోచన ఉంటే లెక్కలు వదలకండి.