ఎప్సమ్ సాల్ట్ వేసే ముందు ఏ ఆకు పాలిపోయిందో చూడండి

ప్రశ్న: మాది విజయవాడ, గుణదల. ఇంటి ముందు చిన్న లాన్, మేడ మీద కుండీల్లో టమాట, గులాబీ ఉన్నాయి. లాన్ పసుపు రంగుకు తిరిగింది. టమాట ఆకులు పాలిపోతున్నాయి, కాయల అడుగున నల్లటి మచ్చలు వస్తున్నాయి. అన్నింటికీ ఎప్సమ్ సాల్ట్ గుప్పెడు చొప్పున వేయమంటున్నారు. వేయవచ్చా?
– ఒక గృహిణి

జవాబు: గుప్పెళ్లతో వేయకండమ్మా. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. మెగ్నీషియం లోపం ఉన్న మొక్కకు చక్కగా పనిచేస్తుంది. లోపం లేని కుండీలో వేస్తే మట్టిలో ఉప్పు పెరిగి వేర్లు దెబ్బతింటాయి.

టమాట కింది ఆకు ఒకటి తెంపి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఈనెలు పచ్చగానే ఉండి, మధ్య భాగం పసుపుగా ఉంటే చాలావరకు మెగ్నీషియం లోపమే. మొక్క ముదురాకుల్లోని మెగ్నీషియాన్ని లేతాకులకు పంపుకుంటుంది, అందుకే ముందు కింది ఆకులు పాలిపోతాయి. పత్తి ఆకులు ఎర్రబారితే గుంటూరు రైతులు కొట్టే మోతాదే చాలు: లీటరు నీటికి 10 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ కలిపి ఆకుల మీద పిచికారీ, ఎండ తగ్గాక, పది రోజుల తేడాతో రెండుసార్లు. గులాబీకీ ఇదే. బూడిద, అరటి తొక్కల నీళ్లు తరచూ పోస్తుంటే తగ్గించండి. వాటిలోని పొటాష్ ఎక్కువైతే మొక్క మెగ్నీషియం సరిగా తీసుకోలేదు.

కాయ అడుగున నలుపు మాత్రం కాల్షియం అందకపోవడం వల్ల వచ్చేది. దానికి ఎప్సమ్ సాల్ట్ వేస్తే సమస్య ఇంకా ముదురుతుంది. ఒకరోజు ఎండగట్టి మరుసటి రోజు ముంచెత్తకుండా, నీరు క్రమంగా ఇవ్వండి. లీటరుకు 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ విడిగా పిచికారీ చేయండి. ఎప్సమ్ సాల్ట్‌తో కలిపితే ద్రావణం విరిగి అడుగున జిప్సం పేరుకుంటుంది. నల్లబడ్డ కాయలు తెంపేయండి, అవి కోలుకోవు.

ఇక లాన్. కొత్త చిగుళ్లే తెల్లబోతుంటే ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నల్లమట్టిలో ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం చల్లండి. గడ్డి మొత్తం వెలిసిపోయి ఎదుగుదల ఆగితే నత్రజని కావాలి: చదరపు మీటరుకు 10 గ్రాముల యూరియా చల్లి వెంటనే తడి ఇవ్వండి. ఏదైనా ముందు ఒక మూల వేసి, వారం చూశాకే మిగతా లాన్‌కు వేయండి. అన్నభేది నీళ్లు గచ్చు మీద పడనివ్వకండి, తుప్పు మరకలు ఓ పట్టాన పోవు.