షట్టర్ దించేశాం, జీఎస్టీ నంబరు మాత్రం అలాగే ఉంది

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు సార్. మా ఆయన జీడిపప్పు ప్యాకింగ్ చిన్న యూనిట్ పెట్టి నష్టపోయి రెండేళ్ల కిందట మూసేశారు, అప్పట్నుంచి ఒక్క రిటర్నూ వెయ్యలేదు. ఇప్పుడు నోటీసొచ్చింది, లక్షలు కట్టమంటారేమోనని ఆయన కవరు కూడా విప్పట్లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఆ కవరు విప్పండమ్మా, ఈరోజే. రిటర్న్ వెయ్యలేదని వచ్చే నోటీసుకి 15 రోజులే టైం, అది దాటితే ఆఫీసరే తన అంచనాతో పన్ను వేసేస్తారు, అసలు భయపడాల్సింది దానికి.

అమ్మకాలు, కొనుగోళ్లు ఏవీ లేని నెలలకి నిల్ రిటర్న్ వెయ్యాలి. అమ్మకాలు, పన్ను లెక్క చూపించే జీఎస్టీఆర్-3బీ అనే రిటర్నుకి ఇలా నిల్ అయితే లేటు ఫీజు రోజుకి 20 రూపాయలు, ఎంత లేటయినా ఒక్కో రిటర్నుకి 500 దాటదు, అంటే 24 నెలలకి లెక్కేసినా 12,000. అమ్మకాలున్న చివరి నెలలు మిగిలుంటే రోజుకి 50, ఏడాదికి కోటిన్నర లోపు టర్నోవర్ వాళ్లకి 2,000 దగ్గర ఆగుతుంది, కానీ పన్ను బాకీ ఉంటే 18 శాతం వడ్డీ తప్పదు.

పాత నెల నుంచి వరసగా వేసుకురండి, గడువు దాటి మూడేళ్లయితే పోర్టల్ ఇక తీసుకోదు. షాపు మూసినంత మాత్రాన నంబరు పోదమ్మా, పాపం చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, క్యాన్సిలేషన్‌కి మీరే అప్లై చెయ్యాలి. ఆ ఆర్డరొచ్చాక మూడు నెలల్లో జీఎస్టీఆర్-10 అని ఆఖరి రిటర్న్ ఉంటుంది. కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీ పన్నులో తగ్గించుకున్న (క్రెడిట్ తీసుకున్న) సరుకు, సీలింగ్ మిషను లాంటివి మిగిలుంటే అందులో చూపించాలి, కాబట్టి కొన్న బిల్లులు పారెయ్యకండి.