‘ఇంత త్వరగానా?’: ఫాంటసీ నవలల్లో అకాల మరణాలపై పాఠకుల ప్రశ్నలు

ఫాంటసీ నవలామాలల్లో మీకు ఇష్టమైన పాత్ర ఏది మరీ ముందుగా చనిపోయిందనిపించిందో రాయమని కోరాము. వచ్చిన లేఖల్లో ఆరింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాము. కథల గుట్టు విప్పకుండా ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పడం సాధ్యం కాదు కనుక, హ్యారీ పాటర్ నవలలు, టోల్కీన్ పుస్తకాలు, జార్జ్ మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ ఇంకా చదవనివారు ఈ పేజీని ప్రస్తుతానికి పక్కన పెట్టగలరు.

ప్రశ్న: హ్యారీ పాటర్ ఐదో పుస్తకంలో హ్యారీ గాడ్‌ఫాదర్ సిరియస్ బ్లాక్ చనిపోవడాన్ని నేను ఇప్పటికీ ఒప్పుకోలేకపోతున్నాను. బడి ప్రధానాచార్యుడు డంబుల్‌డోర్ మరణానికీ ఏడ్చాను గానీ అది అన్యాయమని అనిపించలేదు. సిరియస్ విషయంలో మాత్రం రచయిత్రి తొందరపడ్డారనిపిస్తుంది. ఈ తేడా ఎందుకు?

జవాబు: డంబుల్‌డోర్ వృద్ధుడు, సిరియస్ నడివయసుకైనా రానివాడు అని సరిపెట్టుకోవచ్చు గానీ, కారణం వయసు కాదని నా అభిప్రాయం. ఒక పాత్ర మరో పాత్రకు ఇచ్చిన మాట చెల్లకుండా మిగిలిపోయినప్పుడే ఆ చావు ముందుగా వచ్చిందని మనకు అనిపిస్తుంది. డంబుల్‌డోర్ పోయేనాటికి ప్రతినాయకుడు వోల్డెమార్ట్ ప్రాణం ఎక్కడెక్కడ దాగి ఉందో వెతికే పనిని హ్యారీ చేతిలో పెట్టేశాడు. సిరియస్ అలా కాదు. 1999లో వచ్చిన మూడో పుస్తకం చివర, చేయని నేరానికి 12 ఏళ్ళు అజ్కబాన్ చెరలో మగ్గి వచ్చిన ఆ మనిషి, తాను నిర్దోషినని తేలితే తనతో వచ్చి ఉంటావా అని హ్యారీని మొహమాటపడుతూ అడుగుతాడు. పెద్దమ్మ ఇంట్లో మెట్ల కింది అరలో పెరిగిన పిల్లవాడికి జీవితంలో మొదటిసారి ‘మన ఇల్లు’ అనే మాట వినబడిన క్షణం అది. ఆ రాత్రి తెల్లవారకముందే అసలు నేరస్థుడు పెటిగ్రూ తప్పించుకుపోతాడు, సిరియస్ మళ్ళీ పారిపోవలసి వస్తుంది, ఆ ఇల్లు మాత్రం హ్యారీ మనసులోనూ మన మనసులోనూ కట్టుబడి ఉండిపోతుంది.

2003లో వచ్చిన ఐదో పుస్తకంలో రోలింగ్ ఆ మాటను ఎగతాళి చేసినట్టుగా, అతడు అసహ్యించుకునే పుట్టింట్లోనే సిరియస్‌ను బంధించి ఉంచారు. 38 అధ్యాయాల ఆ పుస్తకంలో 35వ అధ్యాయంలో, వోల్డెమార్ట్ అనుచరురాలు బెలాట్రిక్స్ విసిరిన మంత్రం తగిలి, తెర వేలాడుతున్న రాతి కమాను గుండా అతడు వెనక్కి పడిపోతాడు. శవం దొరకదు, అంత్యక్రియలు జరగవు, చివరి మాట ఉండదు. తరువాత హ్యారీ చేసే పనులను గమనించండి. సిరియస్ తనకు ఎప్పుడో ఇచ్చిన పొట్లం విప్పి, అందులోని మాట్లాడే అద్దంలో అతడి పేరు పిలుస్తాడు. జవాబు రాకపోయేసరికి కోటలోని దయ్యం నిక్ దగ్గరకు పరుగెత్తి, సిరియస్ కూడా దయ్యమై తిరిగి వస్తాడా అని అడుగుతాడు. రాడనే జవాబు వస్తుంది. మూసుకున్న తలుపును పాఠకుడు ఎన్ని రకాలుగా తడతాడో అన్ని రకాలుగానూ హ్యారీ చేత తట్టించి, ఏదీ తెరుచుకోదని చూపించిన రచయిత్రిని తొందరపడ్డారని అనలేను. ఆ మరణం అకాలమైనదే, కానీ అకాలంగా ఉండాలనే రాసినది. అద్దం సంగతి మాత్రం నాకు ఈనాటికీ కడుపుమంటే: ఆ పొట్లాన్ని ముందే విప్పి ఉంటే హ్యారీ అద్దంలో సిరియస్‌ను చూసి మాట్లాడి ఉండేవాడు, అతడు క్షేమంగా ఉన్నాడని తెలిసేది, శత్రువులకు చిక్కాడని భ్రమపడి అతణ్ణి కాపాడటానికి మంత్రిత్వ శాఖకు పరుగెత్తే అవసరమే కలిగేది కాదు.

నా ఫిర్యాదు ఆరో పుస్తకం మీద. అంతటి దుఃఖం అక్కడ డంబుల్‌డోర్‌తో ఒక చిన్న సంభాషణతో చాలావరకు సర్దుకుపోతుంది. పగిలిన అద్దం ముక్క ఏడో పుస్తకంలో హ్యారీ ప్రాణం కాపాడటానికి పనికివచ్చినప్పుడు గానీ సిరియస్ ఇచ్చిన వస్తువుకు విలువ దక్కలేదు.

ప్రశ్న: అదే నవలామాల చివరి పుస్తకంలో ఫ్రెడ్, లూపిన్, టాంక్స్ ఒకే రాత్రి చనిపోతారు. ఫ్రెడ్ మరణం గుండె కోసినా గుర్తుండిపోయింది. మిగిలిన ఇద్దరినీ లెక్క పూర్తి చేయడానికి చంపినట్టుంది. మీరేమంటారు?

జవాబు: ఫ్రెడ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కుటుంబాన్ని కాదని వెళ్ళిపోయిన అన్న పెర్సీ యుద్ధం మొదలయ్యే వేళకు తిరిగి వచ్చి క్షమించమంటాడు. మొదట ముందుకు వచ్చి చెయ్యి చాపేది ఫ్రెడ్డే. ఆ తరువాత పోరాటం మధ్యలో పెర్సీ ఎన్నో ఏళ్ళకు ఒక హాస్యపు మాట అనడం, దానికి ఫ్రెడ్ ఆశ్చర్యపడి నవ్వడం, ఆ నవ్వు ముఖం మీద ఉండగానే గోడ కూలడం వెంటవెంటనే జరుగుతాయి. అన్నదమ్ముల మధ్య ఉన్న బాకీ అప్పటికి తీరిపోయింది. అందుకే ఆ చావు కోసినా సంపూర్ణంగా ఉంటుంది. కవలల్లో మిగిలిపోయిన జార్జ్ సంగతి వేరే, దానికి ఏ రచయిత దగ్గరా సమాధానం ఉండదు.

లూపిన్ దంపతుల మరణం మనకు కనబడనే కనబడదు. భోజనశాలలో వరసగా పడుకోబెట్టిన శవాల మధ్య హ్యారీ వారిని చూస్తాడు, అంతే. ఐదో పుస్తకంలో ఫ్రెడ్ తండ్రి ఆర్థర్ వీజ్లీని చంపాలని మొదట అనుకుని, తరువాత మనసు మార్చుకుని ఆయనను బతికించానని, ఆ నిర్ణయం పర్యవసానంగా చివరికి లూపిన్, టాంక్స్ పోవలసి వచ్చిందని రోలింగ్ స్వయంగా చెప్పారు. యుద్ధంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న హ్యారీ లాంటి పసివాడు ఇంకొకడు కథ చివర మిగలాలన్నది ఆమె ఆలోచన. ఆలోచన బాగానే ఉంది. అయితే లూపిన్, చనిపోయినవారిని కాసేపు కళ్ళ ముందుకు తెచ్చే పునరుజ్జీవన శిల మహిమతో అడవిలో మళ్ళీ కనబడి, తన కొడుకు గురించి హ్యారీతో రెండు మాటలు మాట్లాడగలిగాడు. టాంక్స్‌కు అదీ లేదు. పాలు తాగే బిడ్డను తన తల్లి దగ్గర వదిలి, భర్త కోసం ఆగలేక యుద్ధానికి వచ్చిన యువతి ఆమె. అడవిలో హ్యారీ చుట్టూ నిలిచిన నలుగురిలో ఆమె లేదు, ఆమె గురించిన మాటా లేదు. ఈ నవలామాలలో రచయిత్రి తొందరపాటు వల్ల అకాలమైన మరణం ఏదని అడిగితే, సిరియస్‌ది కాదు, టాంక్స్‌దే అంటాను.

కథలో ఆ యుద్ధం జరిగిన మే 2వ తేదీన రోలింగ్ కొన్నేళ్ళపాటు ట్విట్టర్‌లో ఒక్కొక్క పాత్ర మరణానికి క్షమాపణ చెప్పుకున్నారు: 2015లో ఫ్రెడ్‌కు, 2016లో లూపిన్‌కు, 2017లో స్నేప్‌కు, 2018లో డాబీకి.

ప్రశ్న: మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’లో నెడ్ స్టార్క్‌ను మొదటి పుస్తకంలోనే చంపడం పాఠకుణ్ణి ఉలిక్కిపడేలా చేసే ఎత్తుగడ తప్ప మరేమిటి? ఆయన బతికి ఉంటే కథ ఇంకా బాగుండేది కాదా?

జవాబు: ఎత్తుగడే అయితే రెండోసారి చదివినప్పుడు అది పనిచేయకూడదు. 1996లో వచ్చిన ఆ నవలను ఇప్పుడు చదివేవారిలో చాలామందికి ఆయన తల తెగుతుందని ముందే తెలుసు, అయినా చదువుతున్నప్పుడు చెయ్యి వణుకుతుంది. ఒక్కో అధ్యాయం ఒక్కో పాత్ర కళ్ళతో నడిచే ఆ పుస్తకంలో అందరికంటే ఎక్కువ అధ్యాయాలు నెడ్‌వే, మొత్తం 15. మనల్ని ఆయన తలలో కూర్చోబెట్టిన రచయిత, చివరి ఘడియలో అక్కడి నుంచి దించి, జనం మధ్య నిలబడ్డ చిన్న కూతురు ఆర్యా పక్కన నిలబెడతాడు. ఆ క్షణంలో యోరెన్ అనే మనిషి ఆమెను అటు చూడనివ్వడు. కత్తి వేటు ఆమె చూడదు, మనమూ చూడము. ఉలిక్కిపడేలా చేయడమే ధ్యేయమైనవాడు అంత పొదుపుగా రాయడు.

నెడ్ తీర్చకుండా పోయిన బాకీలు చాలా ఉన్నాయి. చనిపోతున్న చెల్లెలికి ఇచ్చిన మాట ఆయన తలపుల్లో పదేపదే మెదులుతుంది గానీ పాఠకుడికి పూర్తిగా విప్పి చెప్పబడదు. 2011లో మొదలైన టీవీ రూపంలో ఆయన తన కొడుకుగా పెంచిన జాన్ స్నోతో, ఈసారి కలిసినప్పుడు నీ తల్లి గురించి మాట్లాడుకుందామని అంటాడు. ఆ కలయిక జరగదు. కానీ ఆ బాకీలే తరువాతి కథను నడుపుతాయి. అభిమన్యుడి చావు అకాలమే, అయినా మరునాటి సూర్యాస్తమయంలోగా సైంధవుణ్ణి చంపుతానన్న అర్జునుడి ప్రతిజ్ఞ దాని నుంచే పుట్టింది. నెడ్ మరణమూ ఆ కోవలోనిదే. ఆయన బతికి ఉంటే కథ ఇంకా బాగుండేదో లేదో గానీ, ఈ కథ మాత్రం ఉండేది కాదు.

ఆయన కొడుకు రాబ్ సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. 2000లో వచ్చిన మూడో పుస్తకంలో పెళ్ళి విందులో అతణ్ణి, తల్లి కాట్లిన్‌ను చంపే అధ్యాయాన్ని రాయలేక, పుస్తకంలోని మిగతా అంతా పూర్తిచేశాకే దాన్ని రాశానని మార్టిన్ చెప్పారు. 1440లో ఎడిన్‌బరో కోటలో విందుకు పిలిచి చంపిన ఘటన, 1692లో గ్లెన్‌కోలో ఆతిథ్యం పొందినవారే ఆతిథ్యమిచ్చినవారిని నరికిన ఘటన, ఈ రెండు స్కాట్లాండ్ చరిత్ర ఘట్టాలూ తనకు ఆధారమని కూడా ఆయన అన్నారు. అయితే రాబ్ పేరిట ఒక్క అధ్యాయమూ లేదు. రాజైన ఆ కుర్రవాణ్ణి మనం ఎప్పుడూ తల్లి కళ్ళతోనో తమ్ముడి కళ్ళతోనో చూశాము తప్ప అతడి మనసులోకి ఒక్కసారైనా వెళ్ళలేదు. పాఠకులకు అతడు త్వరగా పోయాడనిపించడంలో ఈ దూరం పాత్ర కూడా ఉంది. పరిచయం పూర్తికాకుండానే పోయినవాడి మీద బెంగ ఒక రకంగా ఎక్కువ. పైగా ఐదో నవల 2011లో వచ్చాక మార్టిన్ నవలగా కథను ముగించలేదు గనుక, ఈ మరణాల బాకీ ఎంతవరకు తీరుతుందో తేల్చి చెప్పే వీలూ లేదు.

ప్రశ్న: టోల్కీన్ తన పాత్రలను తేలికగా చంపడని అంటారు. మరి బోరోమిర్, ఫీలీ, కీలీల మాటేమిటి?

జవాబు: బోరోమిర్‌కు జరిగిన న్యాయం చాలా కొద్ది పాత్రలకు దక్కింది. ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రెండో సంపుటం ‘ద టూ టవర్స్’ (1954) మొదటి అధ్యాయంలో సహచరుడు ఆరగార్న్ వచ్చేసరికి అతడు ఒళ్ళంతా బాణాలతో చెట్టుకు ఆనుకుని కూర్చుని ఉంటాడు. పోరాటం మనకు చూపించరు. కథకు మూలమైన మాయా ఉంగరాన్ని, దాన్ని మోస్తున్న ఫ్రోడో దగ్గర లాక్కోబోయానని ఒప్పుకుని, అందుకు మూల్యం చెల్లించానని తానే చెప్పి కన్నుమూస్తాడు. తరువాత అతడి శవం ఉన్న పడవ తమ్ముడు ఫారమిర్‌కు నదిలో కనబడుతుంది, రెండుగా చీలిన అతడి కొమ్ముబూర తండ్రి ఒడిలోకి చేరుతుంది. కథ చివరి దాకా అతడి లేని లోటు ఎవరో ఒకరిని తాకుతూనే ఉంటుంది.

ఫీలీ, కీలీలకు ఆ భాగ్యం లేదు. ‘ద హాబిట్’ (1937)లో పెద్ద యుద్ధం వేళ కథానాయకుడు బిల్బో తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పి ఉంటాడు. మేనమామ థోరిన్‌ను కాపాడుతూ ఆ ఇద్దరు యువకులూ నేలకొరిగారని తరువాత ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంటారు. బృందంలో అందరికంటే చిన్నవాళ్ళు. 2014 నాటి చిత్రం వారికి మరణ దృశ్యాలు కల్పించిందంటే, ఆ ఒక్క వాక్యం చాలలేదని సినిమా వాళ్ళకూ అనిపించే ఉంటుంది.

ప్రశ్న: పాఠకులు గట్టిగా అడిగితే రచయితలు చచ్చిన పాత్రను బతికిస్తారా?

జవాబు: బతికించారు, ఫాంటసీలో కాకపోయినా. కానన్ డాయల్ 1893లో చంపిన షెర్లాక్ హోమ్స్‌ను 1903లో తిరిగి తెచ్చారు. టోల్కీన్ కథలో మాంత్రికుడు గాండాల్ఫ్ చనిపోయి తిరిగి రావడం మాత్రం పాఠకుల ఒత్తిడి కాదు, అది మొదటి నుంచీ ఆ కథలోని భాగమే.

ప్రశ్న: మా పదకొండేళ్ళ అమ్మాయి హ్యారీ పాటర్ నాలుగో పుస్తకం ముగించి ఐదోది మొదలుపెట్టింది. సెడ్రిక్ చనిపోయినప్పుడే రెండు రోజులు ముభావంగా ఉంది. సిరియస్ సంగతి ముందే చెప్పి మనసు సిద్ధం చేయమంటారా?

జవాబు: చెప్పవద్దు. ముందే తెలిస్తే బాధ తగ్గుతుందని అనుకుంటాము గానీ, అలా జరగదు. బాహుబలిని కట్టప్ప పొడిచిన సంగతి 2015లో మొదటి భాగం చివరే తెలిసినా, 2017లో రెండో భాగం చూస్తూ జనం కళ్ళు తుడుచుకున్నారు. అక్కడ దర్శకుడు చావును ముందు చెప్పి బతుకును తరువాత చూపించడం కథకు బలమైంది. రోలింగ్ కథను అలా అల్లలేదు. సిరియస్‌తో హ్యారీ గడిపే పండుగ రోజులను మీ అమ్మాయి ఆ పుస్తకంలో అనుమానం లేకుండా చదవాలి. చావు నీడ పడితే ఆ పేజీలు ఆమెకు దక్కకుండా పోతాయి.

ఆమె ఏ అధ్యాయంలో ఉందో మాత్రం కనిపెట్టి ఉండండి. 35వ అధ్యాయం రాత్రి నిద్రవేళకు రాకుండా చూడండి. చదివాక ఏమీ అడగవద్దు. ఆమే వచ్చి, ఆ తెర వెనక ఏముందని అడుగుతుంది. ఆ పుస్తకంలో హ్యారీకి ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయిన ప్రశ్న అదేనని, చివరి అధ్యాయంలో అతడు దాన్ని ఎవరిని అడిగాడో చూడమని చెప్పండి. 35వది తరువాత మిగిలిన మూడు అధ్యాయాలూ ఒకే పూటలో పూర్తిచేసేటంత తీరిక ఆ రోజు ఆమెకు దొరికేలా చూడగలిగితే అదే పెద్ద సాయం.