పద్నాలుగు పొడులొద్దు, రెండు చాలు: ఆరు వారాల్లో సొంత బ్రాండ్

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నమస్తే అండి. మాది కాకినాడ. నేను, మా తోటికోడలు, ఆవిడ తమ్ముడు కలిసి ఇంట్లో చేసే పొడుల్ని సొంత బ్రాండ్ పేరుతో అమ్ముదామనుకుంటున్నాం. షాపులకి వేయకుండా ఆన్‌లైన్‌లో నేరుగా కొనేవాళ్లకే పంపాలని మా ఆలోచన. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం, మునగాకు పొడి, వెల్లుల్లి కారం ఇలా పద్నాలుగు రకాలు అనుకున్నాం. దసరాకి మొదలుపెట్టాలి, చేతిలో ఆరు వారాలే ఉన్నాయి, రెండున్నర లక్షలు పెట్టగలం. ఉన్నది ముగ్గురమే. అవుతుందంటారా? ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తెలీక చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అవుతుందండి. ముగ్గురు చాలు, ఆరు వారాలూ చాలు, మీరు చెప్పిన డబ్బూ సరిపోతుంది. పద్నాలుగు రకాలతో మాత్రం అవ్వదు, ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. పద్నాలుగు పొడులంటే పద్నాలుగు లేబుళ్లు, పద్నాలుగు సార్లు ల్యాబ్ ఖర్చు, పద్నాలుగు రకాల ఫొటోలు, నెల తిరిగేసరికి ఒకటి నిండుకుని ఇంకొకటి డబ్బాలో పాతబడుతూ ఉంటుంది, ఇదంతా చూసుకోవాల్సింది మళ్లీ మీ ముగ్గురే. త్వరగా మొదలవ్వాలంటే పెట్టుకున్న పని తగ్గాలి. రెండు పొడులు, ఒకటే సైజు. మిగతా పన్నెండూ ఎక్కడికీ పోవు, సంక్రాంతికి ఒకటీ ఉగాదికి ఒకటీ తెచ్చుకోవచ్చు.

ఏ రెండు అంటే, చాలామంది ఇంట్లో అందరూ మెచ్చుకున్నవి ఎంచుకుంటారు. నేనైతే ఎండలో కొరియర్ వ్యానులో నాలుగు రోజులున్నా పాడవ్వనివి చూస్తాను. కందిపొడి అందుకు మంచిది, అందులో నూనె లేదు, తడి లేదు. వెల్లుల్లి కారంలో వెల్లుల్లి తడి ఉంటుంది, ఎండుకొబ్బరి వేసిన పొడులకి కొన్నాళ్లకే పాత నూనె వాసన పట్టుకుంటుంది, కాబట్టి అవి తర్వాత. రెండోది కరివేపాకు పొడి పెట్టుకోండి, అయితే ఆకు నీడన పూర్తిగా ఆరాలి, వేయించాక గుప్పిట్లో నలిపితే గలగలలాడాలి, ఈనె విరక్కుండా వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. మొదటి ఏడాది పండక్కి మూడొందల ప్యాకెట్ల నువ్వుల పొడికి ఆర్డర్లొచ్చాయి, రాత్రికి రాత్రే పంపాలన్న తొందరలో ఆడించిన పొడి వేడి తగ్గకుండానే ప్యాకెట్లలో పోసి సీలు వేసేశాం. వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. ఒకావిడ ఫొటో పంపింది, ప్యాకెట్ లోపలి గోడకి సన్నటి నీటి చుక్కలు, అడుగున పొడంతా ఉండ కట్టి పిడచలాగా ఉంది. ఆ ఫొటో నాకిప్పటికీ కళ్లముందే ఉంటుంది. అందరికీ డబ్బులు వెనక్కిచ్చాం, ఇచ్చినా సగానికి సగం మంది మళ్లీ మా దగ్గర కొనలేదు. అప్పట్నుంచి ఆడించిన పొడిని వెడల్పాటి స్టీలు పళ్లేల్లో పల్చగా పరిచి, పైన గుడ్డ కప్పి, చెయ్యి పెడితే చల్లగా తగిలాకే ప్యాకింగ్. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి చల్లారగానే సీలు వేసేయండి, రాత్రంతా వదిలేస్తే గాలిలో తేమ మొత్తం పొడే పీల్చుకుంటుంది.

కాగితాల పని మొదటి వారంలోనే అన్నీ ఒకేసారి కదపండి, ఎందుకంటే మీరెంత కష్టపడ్డా మీ చేతిలో లేని ఆలస్యం వీటి దగ్గరే. తిండి వస్తువుల వ్యాపారానికి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నుంచి 14 అంకెల నంబరు వస్తుంది, అది చేతికొచ్చేదాకా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మకండి, లేబుల్ మీద ఆ నంబరు ఉండాలి కాబట్టి ప్రింటుకి కూడా ఇవ్వకండి. జీఎస్టీ దగ్గర చాలామంది "మా అమ్మకమెంత, మాకెందుకు" అనుకుంటారు. సొంత రాష్ట్రంలోనే అమ్మితే, అమ్మకం ఒక పరిమితి దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట నిజమే, కానీ కాకినాడ నుంచి హైదరాబాద్‌కి పంపినా ఇప్పుడది వేరే రాష్ట్రం, పన్ను పడే సరుకు రాష్ట్రం దాటిందంటే అమ్మకం ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. మీ పొడులు కొనేవాళ్లు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లోనే ఉంటారు, కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, చేసిపెడతామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి, మీ తోటికోడలి తమ్ముడు కూర్చుంటే ఒక పూటలో అయిపోతుంది.

అదే వారంలో రెండు పొడుల నమూనాలు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపండి, పోషక విలువలు, ఎన్నాళ్లు నిల్వ ఉంటుందన్నది వాళ్లు తేల్చాలి. "మా అమ్మమ్మ చేస్తే ఆరు నెలలుండేది" అని లేబుల్ మీద ఆరు నెలలు వేయకూడదు. పదార్థాలు బరువు ఎక్కువున్నది ముందు వచ్చేలా రాయాలి, ఆకుపచ్చ శాకాహార గుర్తు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలన్నది, మీ చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబరు ఉండాలి. వేరుశనగపప్పో జీడిపప్పో వేస్తే ఆ సంగతి అలర్జీ ఉన్నవాళ్లకి తెలిసేలా విడిగా రాయాలి. ప్రింటు చేసిన కవర్లు చేయించకండి, వేలల్లో ఆర్డరివ్వాలి, వారాలు పడుతుంది, ఒక్క అక్షరం తప్పొచ్చినా మొత్తం పారేయడమే. జిప్ ఉన్న సాదా కవరు కొని స్టిక్కర్ అంటించండి. స్టిక్కర్ మీద లామినేషన్ పొర అడగండి, లేకపోతే పొడి అంటిన చేతులతో పట్టుకోగానే పసుపు మరకలు.

ఇక అసలు విషయం, కొరియర్. అందరూ ప్యాకెట్ సైజు చూడ్డానికి బాగుందా లేదా అని నిర్ణయిస్తారు, మీరు కొరియర్ శ్లాబు, అంటే ఇంత బరువు దాకా ఇంత అని ధర మారే మెట్టు, చూసి నిర్ణయించండి. సాధారణంగా మొదటి శ్లాబు అర కిలో. 200 గ్రాముల ప్యాకెట్లు రెండు అంటే 400, కవర్లకి 20, అట్టపెట్టెకి ఓ 50 వేసుకుంటే 470, అర కిలోలో సరిపోయింది. 250 గ్రాముల ప్యాకెట్ పెట్టారనుకోండి, రెండు కలిపితే పెట్టె బరువుతో అర కిలో దాటుతుంది, తర్వాతి శ్లాబు డబ్బులు కట్టాలి. పైగా కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలావరకు 5000తో భాగిస్తారు, తూకం, ఈ లెక్క, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 20, 15, 8 సెంటీమీటర్ల పెట్టె అయితే 0.48 కిలో. అదే పెట్టె ఎత్తు 10 అయితే 0.6 కిలో, అంటే ఇంకో శ్లాబు. రెండు సెంటీమీటర్ల అట్ట మీ లాభం తినేస్తుంది. పెట్టెలు చేయించేముందు ప్యాకెట్లు నింపి, నేల మీద పక్కపక్కన పెట్టి, స్కేలు పట్టుకుని కొలవండి.

లెక్క ఒకటి వేసి చూపిస్తాను, అంకెలు మీవి వేసుకోండి. ఒక ప్యాకెట్ 199 రూపాయలకి, కొరియర్ ఖర్చు మీదే పెట్టుకుని అమ్మారనుకోండి. సరుకు 60, కవరు, స్టిక్కర్, పెట్టె కలిపి 34, కొరియర్ 70, జీఎస్టీ 5 శాతం లెక్కన తొమ్మిదిన్నర, ఆన్‌లైన్ చెల్లింపుకి ఓ ఐదు. మిగిలింది ఇరవై, అందులోనే మీ కూలి. అదే రెండు ప్యాకెట్లు కలిపి 399కి పంపితే సరుకు 120, ప్యాకింగ్ 48, కొరియర్ అదే 70, పన్ను 19, చెల్లింపుకి తొమ్మిదిన్నర, సుమారు 130 మిగులుతుంది. అందుకని విడి ప్యాకెట్ అమ్మకండి, జతగానే అమ్మండి. మొదటి నెల క్యాష్ ఆన్ డెలివరీ కూడా వద్దు. తలుపు దాకా వెళ్లిన పెట్టె "మేం ఆర్డర్ పెట్టలేదు" అని వెనక్కొస్తే పోయే, వచ్చే రెండు ఖర్చులూ మీవే, ఒక్క రిటర్న్‌తో ఇంకో ఆర్డర్ మీద మిగిలిందంతా పోతుంది.

పని పంపకం: వంట, ప్యాకింగ్ ఒకరు, ఆర్డర్లు, ఫోన్లు ఒకరు, సరుకు కొనడం, డబ్బు, కాగితాలు ఒకరు. ముగ్గురూ అన్నీ చేస్తే ఏదీ పూర్తవ్వదు.

నాలుగో వారంకల్లా యాభై జతలు అమ్మేయాలి, చుట్టాలకి మాత్రం కాదు. చుట్టాలు బాగుందనే అంటారు. హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టించండి, ముక్కూమొహం తెలియనివాళ్లు పూర్తి ధర పెట్టి కొనాలి. రుచి ఎలా ఉందని అడగడం కంటే పది రోజులాగి మళ్లీ ఎంతమంది ఆర్డర్ పెట్టారో చూడండి. వాళ్లలో ఒక్కరూ మళ్లీ అడక్కపోతే దసరా ప్రకటనలకని పక్కన పెట్టిన డబ్బు ముట్టుకోకండి, ముందు పొడి సంగతి చూడండి.

ప్రశ్న: అక్కా, మాది సిరిసిల్ల. ఇంట్లో మరమగ్గాలున్నయి, కాటన్ తువ్వాళ్లు నేస్తాం. దళారికి వేయకుండా నేనూ మా దోస్తూ కలిసి బ్రాండ్ పెడదామనుకుంటున్నాం. వెబ్‌సైట్ ముందా, ఇన్‌స్టాగ్రామ్ ముందా? ఒక ఏజెన్సీ వెబ్‌సైట్, వీడియోలు కలిపి లక్షా ఎనభై వేలు అడుగుతోంది. ఒక్క వీడియో వైరల్ అయితే చాలంటున్నారు.

జవాబు: ఇవ్వకు తమ్ముడూ. మగ్గం మీ ఇంట్లో ఉంది, అంతకు మించిన బలం ఏ ఏజెన్సీ ఇవ్వలేదు. వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్, చెల్లింపుకి ఒక లింకు, వీటితో మొదటి వంద ఆర్డర్లు హాయిగా అయిపోతాయి. చేత్తో రాసుకోవడం కష్టమైపోయిందనిపించిన రోజున, షాపిఫై లాంటి రెడీమేడ్ దానిలో నెల నెలా కట్టుకుంటూ సైట్ పెట్టుకో, రెండు మూడు రోజుల పని. సొంత సైట్ పెట్టాక ఫిర్యాదులు చూసే మనిషి పేరు, నంబరు దాని మీద ఉండాలి, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.

వైరల్ వీడియో అన్నావు కదా, అందరూ చెప్పే అమెరికా ఉదాహరణే తీసుకో. గడ్డం గీసుకునే బ్లేడ్లు ఆన్‌లైన్‌లో అమ్మే డాలర్ షేవ్ క్లబ్ వీడియో 2012 మార్చిలో వచ్చింది, ఖర్చు 4,500 డాలర్లు, రెండు రోజుల్లో 12 వేల ఆర్డర్లు. 2016లో యూనిలీవర్ ఆ కంపెనీని కొనేసింది. కానీ వాళ్లు 2011 నుంచే అమ్ముతున్నారు, బ్లేడ్లు కొరియాలోని డోర్కో కంపెనీ నుంచి తెప్పించుకునేవాళ్లు, అంటే వీడియో వచ్చేనాటికి సరుకు వచ్చే దారి ఉంది. నీకు రేపు రెండు వేల ఆర్డర్లొస్తే వారంలో నేసి పంపగలవా? ముందు ఆ లెక్క చూసుకో. వీడియో అంటావా, మగ్గం నడుస్తున్న చప్పుడు, అంచు తిరగడం, ఉతికిన తువ్వాలు, ఉతకని తువ్వాలు పక్కపక్కన పెట్టి ఎంత కుంచించుకుపోయిందో టేపుతో కొలిచి చూపించడం, ఇవి నీ ఫోన్‌తో నువ్వే తీయగలవు. ఎంత నీళ్లు పీలుస్తుందో కూడా చూపించు, కొనేవాళ్లకి కావాల్సింది అదే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, మరమగ్గం మీద నేసినదాన్ని ఎక్కడా చేనేత అని రాయకు. పోచంపల్లిలో, గద్వాలలో చేత్తో నేసేవాళ్ల కడుపు కొట్టినట్టవుతుంది. సిరిసిల్ల మరమగ్గం అని పేరు పెట్టే రాయి, చెప్పుకోవడానికి మీ ఊరికి సొంత కథే ఉంది.

ప్రశ్న: బ్రాండ్ పేరు ఎవరైనా కొట్టేస్తారేమో అని భయంగా ఉంది. ట్రేడ్‌మార్క్ వచ్చేదాకా ఆగాలా? (గుంటూరు నుంచి, పచ్చళ్ల తయారీదారు)

జవాబు: ఆగక్కర్లేదు. పేరు ఇప్పటికే ఎవరికైనా ఉందేమో ట్రేడ్‌మార్క్ సైట్లో వెతికి, దరఖాస్తు పెట్టేసి మొదలుపెట్టండి. వ్యక్తిగా లేదా చిన్న సంస్థగా ఆన్‌లైన్‌లో పెడితే ఒక్కో క్లాసుకి, అంటే ఒక్కో రకం సరుకుకి, 4,500 రూపాయలు. పచ్చళ్లు 29వ క్లాసు, కారాలు, పొడులు 30వ క్లాసు, రెండూ అమ్మేటట్టయితే రెండిటికీ కట్టాలి. దరఖాస్తు పెట్టగానే పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు, సున్నాలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్టర్ అయ్యాకే, ముందే వేస్తే నేరం. "గుంటూరు పచ్చళ్లు" లాంటి పేరు పెట్టుకోకండి, ఊరి పేరూ వస్తువు పేరూ కలిపితే అది మీ ఒక్కరిదని ఒప్పించడం చాలా కష్టం.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. అక్కడి మనవాళ్లకి మొదటి రోజు నుంచే పంపొచ్చా? (రాజమండ్రి)

జవాబు: మొదటి ఆరు నెలలు వద్దమ్మా. అమ్మకానికి పంపే తిండి వస్తువులకి అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర తయారీ చోటు రిజిస్టర్ అవ్వాలి, పంపిన ప్రతిసారీ ముందుగా తెలియజేయాలి, ఇక్కడ ఎగుమతి కోడ్ కూడా ఉండాలి. 800 డాలర్లలోపు పార్సిళ్లకి సుంకం లేకుండా వెళ్లే వెసులుబాటు కూడా 2025 ఆగస్టు 29 నుంచి ఆపేశారు. అమ్మాయి కోసం ఇంట్లో చేసినది పంపడం వేరు, దాన్ని అమ్మకంతో కలపకండి. ప్రస్తుతానికి ఆ పిల్లలే ఇక్కడున్న అమ్మానాన్నలకి, అత్తమామలకి మీ సైట్లో ఆర్డర్ పెట్టేలా చూడండి. అందుకు విదేశీ కార్డులు తీసుకునే చెల్లింపు సదుపాయం అడిగి పెట్టించుకోండి, దానికి అనుమతి రావడానికి కొంచెం టైం పడుతుంది, కాబట్టి ఈ వారమే అడగండి.